అంగుస్తానా కొలత

ఖాదర్‌వలికి ఏడేళ్ల నుంచి ఒకటే దిగులు. ఉస్తాదు తన వేలు కొలవడం లేదు.

వేలు కొలవడమంటే ఏమిటో చెప్పకపోతే ఈ దిగులు మీకు అర్థం కాదు. పెన్న ఒడ్డున మా దూదేకుల వీధిలో జమాలయ్య ఉస్తాదు కొట్టం ఉండేది. దూది ఏకడం, పరుపులు కుట్టడం, బొంతలు కుట్టడం అక్కడి పని. సూదిని వెనక నుంచి నెట్టేటప్పుడు గుచ్చుకోకుండా నడిమి వేలికి ఇత్తడి తొడుగు ఒకటి పెట్టుకుంటారు. ఉంగరం కంటే వెడల్పుగా ఉంటుంది, పైన మూత ఉండదు, ఒళ్లంతా సన్నటి గుంటలు. దాన్నే మేము అంగుస్తానా అంటాం.

సంతలో అది బేడకు రెండు దొరికేది. కానీ జమాలయ్య కొట్టంలో అంగుస్తానా కొనుక్కునే వస్తువు కాదు. శిష్యుడు వట్టి వేలితోనే కుట్టాలి. వేలు కాయ కాయాలి, ఆ కాయ పగలాలి, మళ్లీ కాయాలి. ఒకరోజు ఉస్తాదు తనంతట తానే పిలిచి, దారం తీసి, వేలి చుట్టూ చుట్టి కొలుస్తాడు. ఆ దారం కంచరి దగ్గరికి పోతుంది, అంగుస్తానా వస్తుంది. ఆ రోజు నుంచి అతన్ని కూడా జనం ఉస్తాదు అనే పిలుస్తారు.

ఖాదర్‌వలి కళ్లముందే ముగ్గురు అంగుస్తానాలతో వెళ్లిపోయారు. వాళ్లలో ఒకడు నాలుగేళ్లకే అంగుస్తానా పెట్టుకుని వేరే ఊళ్లో కొట్టం తెరిచాడు. వాడి కుట్టు కుంటి మేక నడిచినట్టుంటుందని ఖాదర్‌వలి అందరికీ చెప్పేవాడు. అడగని వాళ్లకు కూడా చెప్పేవాడు.

నిజం ఒప్పుకోవాలి, ఖాదర్‌వలిది మామూలు చెయ్యి కాదు. అతను కుట్టిన బొంత తిప్పి చూస్తే ఏది పైవైపో ఏది కిందివైపో తెలిసేది కాదు. శుక్రవారం సంతలో బొంత విప్పి, నాలుగు కొసలూ నలుగురికి పట్టించి, "ముందేదో వెనకేదో చెప్పండి చూద్దాం" అని పందెం కట్టేవాడు. ఎవరూ గెలవలేదు. గెలవరని అతనికి తెలుసు. అయినా ప్రతి వారం కట్టేవాడు.

ఉస్తాదు భార్య హుసేనమ్మ ఒకసారి అంది: "విప్పి చూపించేది బాగానే వచ్చిందిరా ఖాదరా. మడత పెట్టేది కూడా నేర్చుకో."

ఆ మాట అతను నవ్వేసి ఊరుకున్నాడు. మెచ్చుకోలే అనుకున్నాడు కాబోలు.

జమాలయ్య సంగతి కూడా చెప్పాలి. ఆయన కుట్టుపనివాడు మాత్రమే కాదు, గుట్టమీది దర్గాకు మురీదు, అంటే శిష్యుడు కూడా. ఫకీర్లు వస్తే దర్గాలో దండం పెట్టుకుని నేరుగా ఆయన కొట్టంలోకొచ్చి కూర్చునేవాళ్లు. మనసు బాగాలేదని, దారి చూపించమని ఊరివాళ్లూ వచ్చేవాళ్లు. ఆయన బోధలు చెప్పడం ఎవరూ వినలేదు. వచ్చినవాళ్ల చేతికి సూది ఇచ్చి "ఈ వరస కుట్టు" అనేవాడు. వరస పూర్తయ్యేసరికి సగం మంది ఏం అడగడానికి వచ్చారో మర్చిపోయి, నెమ్మదిగా లేచి ఇంటికి పోయేవాళ్లు. ఆయన వేలికి అంగుస్తానా ఎప్పుడూ ఉండేది. అది తీసి పక్కన పెట్టగా చూసినవాళ్లు లేరు.

అలాంటి ఉస్తాదుకు ఆ ఏడు కళ్లల్లో పొర కమ్మింది. సూదిలో దారం ఎక్కించడానికి హుసేనమ్మను పిలవాల్సి వచ్చేది. మనిషి వస్తే ఆకారం తెలిసేది, మొహం తెలిసేది కాదు.

దర్గా పండగ ఉరుసుకు పన్నెండు రోజులుందనగా, దర్గా చూసుకునే ముజావరు కొట్టానికి వచ్చాడు. పెద్ద మనిషి, మెత్తగా మాట్లాడతాడు. కానీ ఆ రోజు ఆయన తెచ్చిన మాట మెత్తంది కాదు.

మా ఊళ్లో ఉరుసుకు ఊరి బొంత వేస్తారు. ఇంటికొక గుడ్డ ముక్క ఇస్తుంది ఊరంతా. రెడ్ల ఇంటి పట్టుచీర చెంగు, మాలవాడ నుంచి పసిబిడ్డ చొక్కా, చాకలి ఇంటి దుప్పటి అంచు, ఏదైనా సరే. అవన్నీ కలిపి, కొత్త దూది పరిచి, పదిహేను మూరల బొంత కుడతారు. ఉరుసునాడు దేశదేశాల నుంచి వచ్చిన ఫకీర్లు దాని మీదే కూర్చుంటారు. దానికో కట్టుబాటు ఉంది. ఆ బొంత మీద రక్తపు చుక్క పడకూడదు. అందుకని అంగుస్తానా ఉన్న చెయ్యే దాన్ని కుట్టాలి. మూడు తరాలుగా ఆ బొంత జమాలయ్య కొట్టంలోనే పుడుతోంది. ఆ కొట్టానికి అంతకంటే పెద్ద పరువు లేదు.

"ఉస్తాదూ, మీ చూపు సంగతి ఊరందరికీ తెలుసు" అన్నాడు ముజావరు. "ఈ ఏడు మీ కొట్టంలో అంగుస్తానా ఉన్న చెయ్యి ఇంకోటి కావాల. లేకపోతే ఏటి అవతలి వాళ్లకు ఇమ్మంటాండారు పెద్దలు. నా చేతిలో ఏం లేదు."

"నాలుగు రోజులు చూడండి" అన్నాడు జమాలయ్య.

ఖాదర్‌వలి గోడవారనే కూర్చుని అంతా విన్నాడు. ఆ రాత్రి అతనికి అన్నం సహించలేదు. ఊరి బొంత ఏటి అవతలికి పోతే ఇక సంతలో తను ఏ మొహం పెట్టుకుని పందెం కట్టాలి? ఈ ఊళ్లో అంత మంచి చెయ్యి తనది ఉండగా!

మర్నాడు తెల్లవారుతూనే అతను ఉస్తాదు ముందు నడిమి వేలు చాచి నిలబడ్డాడు.

"ఉస్తాద్, నా వేలు కొలవండి. ఇప్పుడే కొలవండి."

జమాలయ్య ఆ వేలు పట్టుకుని తడిమాడు. చల్లటి పొద్దు, వేలు సన్నగా, చురుగ్గా ఉంది. ఆయన దారం తీసి గోరు మొదలు దగ్గర ఒక చుట్టు చుట్టి, ముడి వేసి, తెంపి గోడకున్న చీలకు తగిలించాడు.

ఖాదర్‌వలి చెయ్యి చాచాడు. "ఇటివ్వండి. కంచరి దగ్గరికి పోయొస్తా."

"ఇది పొద్దుటి వేలు" అన్నాడు ఉస్తాదు. "మధ్యాన్నపు వేలు, మాపటి వేలు కూడా రానీ."

ఖాదర్‌వలికి నవ్వొచ్చింది. "నాకేమన్నా మూడు వేళ్లుండాయా ఉస్తాద్?"

ఉస్తాదు కూడా నవ్వాడు. పని ఇచ్చాడు. ఎండాకాలం, రేకుల కొట్టం. మధ్యాహ్నం పిలిచి మళ్లీ కొలిచి రెండో దారం చీలకు తగిలించాడు. సాయంత్రం పని దిగాక మూడోది కొలిచాడు.

ఆయన నమాజుకు వెళ్లాక ఖాదర్‌వలి మూడు దారాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. పొద్దుటిది పొట్టి. మధ్యాహ్నానిది దానికంటే నాలుగు నూలుపోగులు పొడవు. మాపటిది ఇంకా పొడవు.

అతనికి గుండె చివుక్కుమంది. తన మీద కాదు, ఉస్తాదు మీద జాలితో. పాపం, చేతుల్లో పట్టు తప్పుతోంది, పొద్దెక్కే కొద్దీ దారం వదులుగా చుడుతున్నాడు, ఆ సంగతి ఆయనకే తెలియడం లేదు అనుకున్నాడు. ఒక వేలికి ఒకటే కొలత. పొద్దున ఓపికగా ఉన్నప్పుడు కొలిచిందే సరైనది.

ఇక అడగడమెందుకు? ఆయన్ను బాధపెట్టడమెందుకు? పొద్దుటి దారం తీసి జేబులో వేసుకున్నాడు. మిగతా రెండూ చీలకే తగిలించాడు.

మర్నాడు కంచరి బ్రహ్మయ్య ఆ దారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒకటే తెచ్చినావే? ఉస్తాదు ఎప్పుడూ మూడు పంపుతాడు."

"ఆయనకు చూపు ఆనడం లేదు. మంచిది నేనే ఏరి తెచ్చినా."

"బిగుతవుతాదేమో అబ్బీ."

"బిగుతుగానే ఉండాల" అన్నాడు ఖాదర్‌వలి. "అంగుస్తానా వదులైతే చెయ్యి కూడా వదులే అనుకుంటారు జనం."

బ్రహ్మయ్య సాయంత్రానికి చేసిచ్చాడు. ఇత్తడి మెరుస్తోంది. అంచున నెలవంక చెక్కించుకున్నాడు ఖాదర్‌వలి. ఆ రోజంతా సూది పట్టని వేలికి తొడిగితే అచ్చు గుద్దినట్టు సరిపోయింది. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా, పనేమీ లేకపోయినా, చెయ్యి ఊపుకుంటూ రెండుసార్లు నడిచాడు. ఇద్దరు ముగ్గురు "ఖాదర్‌వలి ఉస్తాదు" అన్నారు. ఆ మాట విన్నప్పుడు అతనికి కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను. ఏడేళ్లు పగిలిన వేలు కదా.

కొట్టంలోకి వచ్చి ఉస్తాదు చేతికి తన చెయ్యి అందించాడు. జమాలయ్య ఆ ఇత్తడిని బొటనవేలితో చుట్టూ తడిమాడు. తర్వాత లేచి చీల దగ్గరికి వెళ్లి దారాలు తడిమాడు. రెండే ఉన్నాయి.

ఖాదర్‌వలి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తిడతాడనుకున్నాడు. తిడితే చెప్పడానికి జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాడు.

"రేపటి నుంచి ఊరి బొంత కుట్టు" అన్నాడు ఉస్తాదు.

ఈ మాట ముజావరుకు తెలిసింది. ఊరికి తెలిసింది. కొట్టం పరువు నిలిచిందన్నారు. బుధవారం పొద్దున చాప పరిచి, కిందిగుడ్డ పరిచి, దానిమీద దూది, ఆ పైన ఊరి ముక్కలన్నీ కలిపిన పైగుడ్డ వేశారు. నడుమ నుంచి చదరాలుగా బయటికి కుట్టుకుంటూ రావాలి. ఖాదర్‌వలి నడుమ కూర్చుని మొదటి కుట్టు వేశాడు. వాకిట్లో నిలబడి చూసేవాళ్లకు కొదవలేదు. వాళ్లు చూస్తున్నారని అతని వీపుకు కూడా తెలుసు.

మొదటి రోజు బాగానే గడిచింది. మధ్యాహ్నం వేలు కాస్త బరువుగా అనిపించింది. సాయంత్రం అంగుస్తానా తీయడానికి ఆముదం రాయాల్సి వచ్చింది. కొత్తది కదా, సర్దుకుంటుంది అనుకున్నాడు.

రెండో రోజు మధ్యాహ్నానికి వేలు ఉబ్బింది. ఇత్తడికి పైన ఎర్రగా, కింద తెల్లగా అయింది. సాయంత్రం ఆముదం రాసినా రాలేదు. గుంజి చూశాడు, ప్రాణం పోయినట్టయింది. ఎవరికి చెప్పాలి? చెబితే ఏమని చెప్పాలి? అంగుస్తానాతోనే పడుకున్నాడు.

హుసేనమ్మ తెల్లవారి గంజి పోస్తూ అతని చెయ్యి చూసింది. "ఏమిరా ఆ వేలు?"

"ఏం లేదమ్మా. దోమ కుట్టింది."

"దోమ మంచి చోటు చూసుకుని కుట్టిందే" అంది ఆమె.

మూడో రోజుకి నొప్పి పోయింది. హమ్మయ్య అనుకున్నాడు. నొప్పితో పాటు ఇంకొకటి కూడా పోయిందని అతనికి తెలియలేదు.

బొంత కుట్టేవాళ్లకు ఒక సంగతి తెలుసు. నేల మీద పరిచిన బొంతకు కింద ఏం జరుగుతోందో కళ్లు చూడలేవు. సూదిని నిలువుగా దించితే దాని మొన కిందిగుడ్డ దాటి చాపకు తగులుతుంది. ఆ తగలడం సూదిలోంచి పైకి వచ్చి నెట్టే వేలికి అందుతుంది. అప్పుడు సూదిని వంచి పైకి తీయాలి. వేలు చెబితేనే కుట్టు. మొద్దుబారిన వేలు ఏం చెబుతుంది? ఖాదర్‌వలి మాత్రం పైన చూసుకుంటూ, ముత్యాలు పేర్చినట్టు కుట్టుకుంటూ పోయాడు.

ఆ రోజు శుక్రవారం. నమాజు అయ్యాక ముజావరు నలుగురు పెద్దలను వెంటబెట్టుకుని బొంత చూడ్డానికి వచ్చాడు. సగానికి పైగా అయింది. ఎంత బాగుందంటే, పెద్దల్లో ఒకాయన చెప్పులు వాకిట్లో కాదు, వీధిలోనే విడిచి లోపలికి వచ్చాడు.

"ఉస్తాదూ, మీరు ఒకసారి చెయ్యి వెయ్యండి" అన్నాడు ముజావరు.

జమాలయ్య బొంత అంచున పక్కకు ఒరిగి పడుకున్నాడు. చెయ్యి భుజం దాకా బొంత కిందికి దూర్చాడు. అరచెయ్యి పైకి పెట్టి, కిందిగుడ్డను తడుముకుంటూ లోపలికి పోయాడు. ఖాదర్‌వలి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తల మీది రుమాలు కాస్త పక్కకు వాలి ఉంది. ఏడేళ్ల నుంచి ఈ ఘడియ కోసమే ఎదురు చూశాడు.

ఉస్తాదు చెయ్యి కదులుతోంది. బయటి వరసల దగ్గర కాసేపు అటూ ఇటూ తిరిగింది. ఇంకా లోపలికి పోయింది. నడుమకు దగ్గరగా ఒకచోట ఆగింది. అక్కడే చాలాసేపు ఉంది.

"ఎట్లుండాది?" అన్నాడు ముజావరు.

జమాలయ్య చెయ్యి బయటికి తీసి, లేచి కూర్చుని, అంటుకున్న దూది దులుపుకున్నాడు.

"పైన మీరు చూసినారు కదా" అన్నాడు. "ఇంకా పని ఉంది. గురువారం మాపుకు పంపిస్తాం."

పెద్దలు సంతోషంగా వెళ్లిపోయారు. వాళ్ల చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఉస్తాదు వింటూ కూర్చున్నాడు.

"ఖాదరా, ఆ కొస పట్టుకో. తిరగేద్దాం."

ఇద్దరూ బొంత తిరగేశారు.

నడుమ తొమ్మిది వరసలు ఉన్నాయి. ఆ తర్వాత మూడు వరసల్లో కుట్టు ఉన్నచోట ఉంది, లేనిచోట లేదు. దాని తర్వాత కిందిగుడ్డ తెల్లగా, నున్నగా, సూది అన్నది ఎరగనట్టు ఉంది. ఒక మూల దూది అప్పుడే జారి ముద్ద కట్టింది. ఈ బొంత మీద ఫకీర్లు కూర్చుంటే రెండు ఘడియల్లో గుడ్డ ఒకచోట, దూది ఒకచోట ఉండేది. అదీ ఊరందరి ముందు, ఊరందరి గుడ్డలతో.

ముందేదో వెనకేదో ఇప్పుడు పసిబిడ్డ కూడా చెప్పగలడు.

ఖాదర్‌వలికి తల కొట్టేసినట్టయింది. నేల మీద కూర్చుండిపోయాడు. ఉస్తాదు అప్పుడే, ఆ నలుగురి ముందే ఒక్క మాట అని ఉంటే తన బతుకేమయ్యేది?

"ఇటు తే చెయ్యి" అన్నాడు జమాలయ్య.

ఖాదర్‌వలి చెయ్యి చాచాడు. అది కొలత కోసం ఆ పొద్దున చాచినట్టు కాదు. వేలు నీలంగా మారింది. ఉస్తాదు దాన్ని ఒళ్లో పెట్టుకుని, హుసేనమ్మను నూలుదారం తెమ్మన్నాడు. దారం కొసను సూది వెనక వైపుతో ఇత్తడి కింద దూర్చాడు. మిగిలిన దారాన్ని ఇత్తడి అంచు నుంచి వేలి కొస దాకా దగ్గర దగ్గరగా, గట్టిగా చుట్టాడు. ఉబ్బిన వేలు దారం కింద అణిగింది. ఖాదర్‌వలి పళ్లు బిగబట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికి అనుకోండి, కాదు అనుకోండి.

"ఓర్చుకో నాయనా" అన్నాడు ఉస్తాదు.

ఇత్తడి కింద దూర్చిన కొసను పట్టుకుని మెల్లగా విప్పుతూ వచ్చాడు. ఒక్కో చుట్టూ విడుతుంటే అంగుస్తానా ఒక్కో వెంట్రుక మందం ముందుకు జరిగింది. అలా జరిగి జరిగి ఆయన అరచేతిలో పడింది. నెలవంక చెక్కిన వైపు పైకి ఉంది. దాన్ని ఆయన ఖాదర్‌వలి జేబులోనే వేశాడు.

"పొద్దుటి వేలికి చేయించినావు" అన్నాడు. "పొద్దుటి వేలు ఇంకా పని చూడలేదు గదా."

ఖాదర్‌వలి తల దించుకున్నాడు. "మీ చెయ్యి తప్పిందనుకున్నా ఉస్తాద్."

"తెలుసు."

"దారం తీసినప్పుడే తెలుసా?"

"చీల తడిమితే తెలియదా? రెండే ఉండె."

"మరి ఊరి బొంత మీద ఎందుకు కూర్చోబెట్టినారు? పరువు పోయి ఉంటే?"

జమాలయ్య తన నడిమి వేలి అంగుస్తానా పట్టుకుని తీశాడు.

హుసేనమ్మ చేతిలో చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె కూడా చూడలేదు ఆ వేలిని వట్టిగా. అంగుస్తానా కింద వేలు తెల్లగా, పసిపిల్లవాడి వేలులా మెత్తగా ఉంది. దాని చుట్టూ సన్నటి గుడ్డ పేలిక ఒకటి చుట్టి ఉంది, చెమటకు నల్లబడి.

అంగుస్తానా పాతది. గుంటలన్నీ అరిగి నున్నగా అయ్యాయి. ఉస్తాదు దాన్ని ఖాదర్‌వలి వేలికి తొడిగాడు. ఉబ్బిన వేలికి కూడా అది వదులే. చెయ్యి దించితే జారి చాప మీద పడి దొర్లింది.

"ఇది ఎవరి వేలికి కొలిచింది ఉస్తాద్?"

"మా ఉస్తాదు వేలికి. ఊరి బొంతకు నన్ను కూర్చోబెట్టిన రోజు నాకు తొడిగినాడు. ఇట్లనే పడిపోయింది. ఐదు చుట్లు గుడ్డ చుట్టితే నిలిచింది. ఎండకు వేలు ఉబ్బితే ఎవరూ చూడకుండా ఒక చుట్టు విప్పేది, చల్లబడితే చుట్టేది. పని చేసేకొద్దీ వేలు లావెక్కింది. ఒక్కోటి తీసేస్తూ వచ్చినా."

"ఎన్నేళ్లయింది?"

"నలభై ఒకటి."

ఖాదర్‌వలి ఉస్తాదు వేలి వైపు చూశాడు. మిట్టమధ్యాహ్నం దాటింది, కొట్టం పొయ్యిలా ఉంది. వేలు ఎంత ఉబ్బాలో అంతా ఉబ్బే ఉంటుంది.

"మరి ఈ గుడ్డ?"

జమాలయ్య పేలికను తడిమి చూసుకున్నాడు. ఆయన మొహంలో సిగ్గులాంటిది కనిపించింది. చిన్నతనం చేసి దొరికిపోయిన మనిషిలా నవ్వాడు.

"ఇంకా ఒక చుట్టు ఉంది నాయనా" అన్నాడు.

బయట ఎవరో మేకను అదిలిస్తున్నారు. ఖాదర్‌వలి చాప మీద దొర్లిన అంగుస్తానాను రెండు చేతులతో తీసి కళ్లకద్దుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది పెద్దగా చెప్పడానికి లేదు. వేలి ఉబ్బు తగ్గేదాకా, ఒక పగలంతా, అతను ఎడమచేత్తో తన కుట్లు తానే విప్పాడు. ముత్యాల్లాంటి కుట్లు. ఒక్కటి కూడా ఎవరినీ విప్పనివ్వలేదు. హుసేనమ్మ సాయం చేస్తానంటే "వద్దమ్మా, ఇవి నావి" అన్నాడు.

ఆదివారం పొద్దున ఒక కొత్త గుడ్డ అంచు సన్నగా చింపుకుని వేలికి చుట్టడం మొదలుపెట్టాడు. రెండు చుట్లు చుట్టి తొడిగి చెయ్యి దించాడు. పడిపోయింది. ఇంకో రెండు చుట్టాడు. పడిపోయింది. ఉస్తాదు గోడకానుకుని ఆ ఇత్తడి చప్పుడు వింటున్నాడు. మూడోసారి చప్పుడు రాలేదు.

"ఎన్ని?" అన్నాడు.

"ఆరు."

"సరిపోయింది. కుట్టు."

గురువారం సాయంత్రం పొద్దు వాలకముందే ఊరి బొంత గుట్ట ఎక్కింది. మోసేవాళ్లతో ఖాదర్‌వలి కూడా నడిచాడు. నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ రుమాలు మాత్రం ఎప్పట్లాగే పక్కకు వాలింది. దర్గా ముందు బొంత పరిచారు. ఊరి జనం తమ తమ గుడ్డ ముక్కలు వెతుక్కుంటున్నారు. అదిగో మా చెంగు, అదిగో మా బిడ్డ చొక్కా అని చూపించుకుంటున్నారు.

ముజావరు కొస ఎత్తి కిందివైపు చూశాడు. పైవైపు చూశాడు. మళ్లీ కిందివైపు చూశాడు.

"ముందేదో వెనకేదో చెప్పండి చూద్దాం" అని గుంపులోంచి ఎవరో ఖాదర్‌వలి గొంతుతో అన్నారు. అందరూ నవ్వారు. ఖాదర్‌వలి కూడా నవ్వాడు, పందెం మాత్రం కట్టలేదు.

జమాలయ్య కాస్త దూరంలో రాతి మీద కూర్చుని ఉన్నాడు. వట్టి వేలిని బొటనవేలితో రుద్దుకుంటున్నాడు, అలవాటు లేక.

ముజావరు ఖాదర్‌వలి చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. అరిగిన పాత ఇత్తడిని సాయంత్రపు ఎండలో పట్టి చూశాడు. గుర్తుపట్టాడు. తల తిప్పి రాతి వైపు చూసి, మళ్లీ ఇటు చూశాడు.

"బాగా కుదిరింది నాయనా" అన్నాడు. "నీ వేలికే కొలిచి చేసినట్టుంది."

"లేదు ముజావరు సాబ్" అన్నాడు ఖాదర్‌వలి. తల ఎత్తి, గుట్ట మీదున్న జనమంతా వినేటట్టు అన్నాడు. "ఆరు చుట్లు వదులు."